చిన్నక్క క్యారేజీ

మా క్యారేజీని ప్రైవేటు బస్సు మింగింది. ఇందులో అనుమానం లేదు. నిన్న పొద్దున డ్రైవరు సీటు వెనక కడ్డీకి నా చేతులతోనే తగిలించాను. ఖమ్మంలో నా కూతురికి అందలేదు. మధ్యలో ఉన్నది బస్సు ఒక్కటే. మింగింది అదే. మూడు గిన్నెల స్టీలు క్యారేజీ అది, పై మూత మీద చుక్కలు చుక్కలుగా చిన్నక్క అని చెక్కి ఉంటుంది, పేరు చివర ఒక పువ్వు. చిన్నక్క నా భార్య. చనిపోయింది. చీరలు చెల్లెళ్లు పంచుకున్నారు, మంచం నేనే అటక మీద పెట్టించాను, పేరు మాత్రం గిన్నె మీద మిగిలింది. ఇప్పుడు గిన్నె కూడా లేదు. అందుకే ఈ సాయంత్రం మా ఊరి బస్సు స్టేజీ దగ్గర, హైమ టీ కొట్టు బల్ల మీద, చేతికర్ర మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని కూర్చున్నాను. బస్సు వస్తుంది. డ్రైవరు దిగుతాడు. అడగవలసిన మాటను మూడు రకాలుగా అనుకుని పెట్టుకున్నాను. మూడూ బాగున్నాయి, ఏది ముందు వాడాలో తేలడం లేదు. చాలా రోజుల తర్వాత ఒంట్లో హుషారుగా ఉంది. పొద్దున ఫోనులో ఫిర్యాదు చేసి వచ్చాక రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. మనిషికి కోపం ఒక పని. పని ఉంటే ఆకలి వేస్తుంది.

ఎండ ఇంకా టేకు చెట్ల నెత్తి మీదే ఉంది, రోడ్డు మీదికి దిగలేదు. హైమ పొయ్యి మీద పాలు పొంగకుండా గరిటె అడ్డం పెట్టి నా వైపు చూసి నవ్వుతోంది. వరసకు మరదలు, నవ్వడానికి హక్కు ఉంది, వాడుకుంటుంది. "ఏంది బావా, పెళ్లిచూపులకు కూసున్నట్టు కూసున్నవు. బస్సు జల్ది వస్తదా నువ్వు చూస్తె?" అంది. "నిన్న పొద్దుమాపు గిట్లనే కూసున్నవు, బస్సే రాలె" అంది. రాలేదు. ఎందుకు రాలేదో ఊరంతటికీ తెలుసు. బస్సు ఓనరుకు పెళ్లి కిరాయి తగిలింది. మా సాయంత్రం ట్రిప్పు ఎగరగొట్టి పెళ్లివాళ్లను ఎక్కించుకున్నాడు. ఈ పొద్దున కూడా బస్సు లేదు, పెళ్లివాళ్లు ఇంకా దిగలేదు. మా ఊరి జనం ఆటో వెనక చువ్వలు పట్టుకుని వేలాడుతూ చండ్రుగొండ పోయారు, అక్కడ ఎవరో పెళ్లికొడుకు మా సీట్లో కూర్చుని ఊరేగాడు. వాడి పెళ్లి చల్లగా ఉండాలని నేను కోరుకోను. కోరుకోకపోయినా ఉంటుంది, అది వేరు.

ఇదివరకు మాకు సర్కారు బస్సు ఉండేది. అది వస్తుంటే ముందు క్యారేజీలు వినపడేవి. బస్సు మలుపు అవతల ఉండగానే ఖాళీ గిన్నెలు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. ఖమ్మంలో చదివే పిల్లలు మా ఊరి నుంచి కొందరు ఉండేవాళ్లు, నా కూతురు ఉదయశ్రీ వాళ్లలో ఒకతె. పొద్దున ఏ తల్లి క్యారేజీ ఆ తల్లి తెచ్చి డ్రైవరు వెనక కడ్డీకి తగిలించి పోయేది. చెప్పేది లేదు, అడిగేది లేదు. చెబితే కండక్టరుకు కోపం వచ్చేది, నాకు తెలవదా అమ్మా అని. ఖమ్మం బస్టాండులో పిల్లలు వచ్చి తీసుకునేవాళ్లు, మధ్యాహ్నం ఖాళీవి తెచ్చి అదే కడ్డీకి తగిలించేవాళ్లు. సాయంత్రం ఆ మోత వినగానే ఆడవాళ్లు పొయ్యి దగ్గర నుంచి లేచేవాళ్లు. బస్సు ఇక్కడే పడుకునేది, నైట్ హాల్ట్. డ్రైవరు, కండక్టరు బడి వరండాలో పక్క వేసుకునేవాళ్లు, వాళ్లకు అన్నం ఇంటికో వంతు. మా వంతు వచ్చిన రోజు చిన్నక్క చేపల పులుసు పెట్టేది. కండక్టరు వెంకటేశ్వరరావు మధిర వైపు మనిషి, గిన్నె దగ్గర కూడా మర్యాద వదలడు. "అక్కగారూ, ఏమీ అనుకోకపోతే ఇంకొంచెం పులుసు వెయ్యండి" అనేవాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అని నా వాటా కూడా తినేవాడు. నేను అనుకునేవాణ్ణి. ఆమె అనుకునేది కాదు. ఒకసారి ఏన్కూరు దగ్గర అడవిపంది అడ్డం వచ్చి బ్రేకు కొడితే మా క్యారేజీ తెగి పడి మూతకు సొట్ట పడింది. మూత మీద సొట్టకు ఆ వెంకటేశ్వరరావు మా ఇంటికి వచ్చి, చెప్పులు బయట విడిచి, క్షమించమని అడిగాడు. పంది అడగలేదు గాని అతను అడిగాడు. చిన్నక్క లోపలికి పోయి నవ్వుకుంది, కొంగు నోట్లో పెట్టుకుని, భుజాలు కదులుతుంటే నాకు కనపడింది.

నష్టమన్నారు. డిపో నుంచి ఒకాయన జీపులో వచ్చి ఇక్కడే, ఈ బల్ల మీదే కూర్చుని, హైమ ఇచ్చిన టీ తాగి, మీ రూటు నష్టం అన్నాడు. మాకు రోడ్డు వేసినప్పుడు లాభం చూసి వేశారా, బడి పెట్టినప్పుడు లాభం చూశారా అని అడిగాను. నేను ఊరి బడిలో చదివినవాణ్ణి, ఆ బడి ఏ సంవత్సరం లాభం చూపించిందో చెప్పమన్నాను. ఆయన టీ బాగుందన్నాడు. తర్వాత డిపో బస్సు పోయింది, డిపో ప్రైవేటు ఓనరు దగ్గర తీసుకున్న కిరాయి బస్సు వచ్చింది. బస్సు ఎవరిదో, డ్రైవరు ఎవరి మనిషో, అడిగితే ఒకరి మీద ఒకరు చెప్పుకుంటారు. కండక్టరు లేడు. డ్రైవరే మెడలో మిషను వేసుకుని టికెట్లు కొట్టాలి, చిల్లర ఇవ్వాలి, ఆధార్ కార్డులు చూడాలి, ఆ తర్వాత తోలాలి. ఈ బస్సు మా ఊళ్లో పడుకోదు. వస్తుంది, తిరుగుతుంది, పోతుంది. ఇదొక్కటేనా. స్టేజీ వెనక టెలిఫోను ఎక్స్చేంజి గది ఉంది, ఇప్పుడు అందులో మేకలు పడుకుంటాయి. వాన వస్తే వాటికి ఊళ్లో అందరికన్నా మంచి స్లాబు. నల్లా నీళ్లు గిన్నెలు తోమడానికి, తాగడానికి ప్లాంటులో కొనుక్కునే నీళ్ల డబ్బా. అన్నిటికీ ఒక ఫోను నంబరు ఉంటుంది, మనిషి ఉండడు. ఆ బస్సు ఎక్కనని ఆనాడే అన్నాను, ఎక్కలేదు. హైమ మాత్రం ఆధార్ కార్డు చేతిలో పట్టుకుని ఖమ్మం పోయి చెవికమ్మలు కొనుక్కుని వస్తుంది. "ఆడోళ్లం, మాకు ఫ్రీ బావా. నువ్వు ఎక్కితె టికెట్టు కొనుక్కొని నిలబడాలె. ఎక్కకపోవుడే మంచిగున్నది నీకు" అంటుంది. అంటే నా పంతానికి కూడా టికెట్టు ధర కట్టింది. ఊరు నవ్వింది. నవ్వనీ.

మరి ఎక్కనివాడివి క్యారేజీ ఎందుకు తగిలించావు అంటే, చేప. మొన్న వాగు మడుగులో కొర్రమట్ట దొరికింది, బతికున్నది, మోచేతి పొడవు. ఇంట్లో ఒక్కణ్ణి, ఆ చేప నన్ను చూసి నవ్వినట్టే ఉంది. ఉదయశ్రీ ఇప్పుడు ఖానాపురం హవేలిలో గది తీసుకుని ఉంటోంది, పెద్ద దవాఖానాలో రక్తం పరీక్షలు చేసే ఉద్యోగం, అది కూడా ఏజెన్సీ కింద, సర్కారు గోడల మధ్య ప్రైవేటు నౌకరీ. వాళ్లమ్మ పోయిన తర్వాత పులుసు తినలేదని ఒకసారి ఫోనులో అంది. బయట తిన్నాను గాని అది పులుసు కాదు నాన్నా అంది. చింతపండు నానబెట్టాను. చిన్నక్క చివరి రోజుల్లో మంచం మీద నుంచే నాకు వంట నేర్పింది, మెంతులు మాడిస్తున్నావని వాసన పట్టి చెప్పేది. ఆమెను దవాఖానాకు మార్చినప్పుడు నేను ఇక్కడ పశువుల దగ్గర ఉండి ఇదే క్యారేజీలో గంజి కాచి అదే బస్సుకు తగిలించేవాణ్ణి. ఉదయశ్రీ వాళ్లమ్మ పక్కన కూర్చుంది, కిందికి దిగి బస్టాండుకు రావడానికి లేదు. వెంకటేశ్వరరావు తీసుకుపోయి ఇచ్చేవాడు. బస్టాండులో కాదు. మెట్లెక్కి, వార్డులోకి పోయి, మంచం పక్కన పెట్టి, అక్కగారూ గంజి వచ్చింది అని చెప్పి వచ్చేవాడు. రోజూ. అది అతని డ్యూటీ కాదు, టికెట్టు లేదు, ఎవరూ చెప్పలేదు. అటువంటి బస్సును నష్టమని తీసేశారు. దీన్ని నేను క్షమించను. ఈ విషయంలో నన్ను మార్చడానికి ఎవరూ ప్రయత్నం చేయనక్కర లేదు.

సరే, చేప. పులుసు రాత్రి పెట్టి తెల్లారనిస్తేనే రుచి. తెల్లారింది. క్యారేజీ తోమి, కింది గిన్నెలో అన్నం, మధ్యలో పులుసు, పైన కొంచెం పెరుగు పెట్టి స్టేజీకి వచ్చాను. కిరాయి బస్సు ఆగి ఉంది. కొత్త డ్రైవరు, మొహం చూడలేదు, అటు తిరిగి ఫోను మాట్లాడుతున్నాడు. నేను మెట్టు మీద కాలు పెట్టి, పెట్టింది ఎక్కడానికి కాదు, చెయ్యి చాపి కడ్డీకి తగిలించి దిగాను. చెప్పలేదు. క్యారేజీ తగిలించి డ్రైవరుకు చెప్పడం మా ఊళ్లో లేదు. బస్టాండుకు పొమ్మని కూతురికి మాత్రం ఫోను చేసి చెప్పాను. మధ్యాహ్నం ఉదయశ్రీ ఫోను చేసింది, డ్యూటీ దిగి బస్టాండుకు పోయేసరికి బస్సు లేదు నాన్నా అంది. సర్కారు బస్సయితే ఆగేది. సాయంత్రం బస్సు రాలేదు. ఈ పొద్దున బస్సు వెనక రాసి ఉండే నంబరు హైమ ఫోనులో ఉంటే తీసుకుని కొట్టాను. తెలుగు కోసం ఒకటి నొక్కమంది. నొక్కాను. ఆ తర్వాత పాట. పాట అయ్యాక ఒక పిల్ల, ఎక్కడ కూర్చుందో, గొంతు మాత్రం పాయసంలా ఉంది. "మీ వస్తువు విలువ ఎంత సర్?" అంది. దాని మీద నా భార్య పేరుంది అన్నాను. "పేరు విలువ కిందికి రాదు సర్" అంది, పాపం, తిట్టలేదు, ఉన్నమాట చెప్పింది. "పోగొట్టుకున్నారా, దొంగతనమా? రెండింటిలో ఒకటి పెట్టాలి సర్." దొంగతనం అని పెట్టు అన్నాను. "డ్రైవర్ మీదనా?" అవును. "తప్పకుండా చర్య తీసుకుంటాం సర్, సాయంత్రం కాల్ వస్తుంది." ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది. ఒక్క మాటకు చర్య. వెంటనే కూతురికి చెప్పాను, నా ఘనకార్యం వినమని. ఆమె, "అట్లెందుకు పెడితివి నాన్నా. మా దగ్గర ఒక్క కంప్లైంటు వస్తె తెల్లారి రావద్దంటరు. ఎందుకు, ఏంది అని అడిగెటోడు ఉండడు. ఆ డ్రైవరు గూడ మాలాంటోడే గద" అంది. దొంగ నీలాంటివాడు ఎట్లా అవుతాడు అని పెట్టేశాను. పెట్టేసి అన్నం తిన్నాను. రెండు ముద్దలు ఎక్కువ అన్నది అప్పుడే. మాలాంటోడే అన్నమాట మూడో ముద్దకు అడ్డం వచ్చింది, మంచినీళ్లు తాగాను, పోయింది.

ఎండ రోడ్డు మీదికి దిగింది. హైమ టీ గ్లాసు నా పక్కన పెట్టి, "తాగు, అరవాలంటె గొంతు కావాలె గద" అంది. తాగాను. ఎక్స్చేంజిలో మేక ఒకటి అరిచింది. అప్పుడు వినపడింది. ముందు నమ్మలేదు, చెవులు వయసుకు తగ్గట్టు ఉంటాయి, పాత సంగతులు తలుచుకుంటూ కూర్చుంటే పాత మోతలే వినపడతాయి అనుకున్నాను. కాదు. హైమ కూడా గరిటె ఆపింది. మలుపు అవతల, బస్సు ఇంజను మోతకన్నా ముందు, స్టీలు గిన్నె మీద స్టీలు గిన్నె. గలగల. ఒక్క క్యారేజీ మోతే, అయినా అదే. నా చేతికర్ర ఎందుకో జారి కిందపడింది. వంగి తీసుకునేలోగా బస్సు వచ్చి ఆగింది, ఆడవాళ్లు దిగుతున్నారు, వాళ్ల వెనక డ్రైవరు దిగాడు. సన్నటి మనిషి, పాతికేళ్ల పైన ఉంటాడేమో, మెడలో మిషను, కుడిచేతిలో మా క్యారేజీ. జాతరలో కావడి పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"చిన్నక్క అత్తది ఏ ఇల్లు?" అన్నాడు, ఎవరినీ కాదు, కొట్టునంతటినీ అడిగాడు. "నా పేరు బిచ్యా. కొత్తగ వచ్చిన ఈ రూటుకు. ఆ అత్తకు దండం పెట్టి పోవాలె."

మూడు రకాలుగా అనుకున్న మాటల్లో ఒక్కటి కూడా నోటికి రాలేదు. హైమ వచ్చింది ముందుకు. "ఎందుకు, ఏం చేసింది నీకు?"

"ఏం చేసుడేంది, కడుపు నింపింది. ముందటి డ్రైవర్లు చెప్తె నేను నమ్మలె, గా ఊర్ల డ్రైవరుకు ఇంటికో వంతు కూడు పెడ్తరని. గవన్నీ పాతకాలం ముచ్చట్లు అనుకున్న. నిన్న పొద్దుగాల ఫోను పెట్టేసి ఎనక్కి చూస్తె నా సీటెనకనే ఉన్నది క్యారేజి. మొన్న రాత్రి కెల్లి తిండి లేదు అక్కా, ఓనరు ఒకటెనక ఒకటి ట్రిప్పులు కొట్టిస్తుండు. ఖమ్మంల బండి నీడకు కూసొని తిన్న. చేప తల గూడ ఇడిసిపెట్టలె." క్యారేజీని రెండు చేతుల్లోకి మార్చుకున్నాడు. "నిన్ననే తెచ్చేది, పెండ్లి ట్రిప్పుకు పొమ్మన్నరు. అది మా తండా దిక్కే. మా యాడి కడిగింది. ఖాళీ గిన్నె ఇస్తార్రా ఎవలన్న అని పల్లీలు, బెల్లం పోసింది."

యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. మూత సొట్ట తళతళలాడుతోంది, చింతపండుతో తోమినట్టుంది, పేరు కూడా కొత్తగా చెక్కినట్టుంది. నేను పెట్టేటప్పుడు ఇంత బాగా తోమలేదు. హైమ నా వైపు చూసింది, అతని వైపు చూసింది, కొంగు నోట్లో పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఆడవాళ్లందరూ ఒకే రకంగా నవ్వు దాచుకుంటారు.

"కాకపోతె ఒక్కటి" అన్నాడు బిచ్యా, "అత్తకు చెప్పకు గని, పులుసుల పులుపు జర ఎక్కువైంది."

"ఎక్కువ కాలె" అన్నాను. నా గొంతు నాకే కర్కశంగా వినపడింది. "కొర్రమట్టకు అంత పులుపు ఉండాలె. తెల్వకపోతె ఊకుండు."

అతను బెదిరిపోయి, "అవ్ తాతా, అవ్, మస్తుగున్నది" అన్నాడు. హైమ ఇక ఆపుకోలేక పొయ్యి దగ్గరికి పోయి పాలకుండ వైపు తిరిగింది. క్యారేజీ నా చేతుల్లోకి వచ్చింది. బరువుగా ఉంది. "అత్త ఏది మరి?" అన్నాడు. హైమ ఠక్కున నవ్వు ఆపి ఏదో చెప్పబోయింది. నేను అందుకున్నాను. "ఊర్లె లేదు" అన్నాను. అబద్ధం కాదు.

అప్పుడు జేబులో ఫోను మోగింది. పాయసం గొంతు. "నమస్కారం సర్, మీ దొంగతనం ఫిర్యాదు గురించి. డ్రైవర్‌ని ఈ రాత్రికే తొలగించమని బస్సు యజమానికి చెబుతున్నాం సర్. మీరు అవునంటే చాలు." బిచ్యా బల్ల చివర కూర్చుని హైమ ఇచ్చిన టీ ఊదుకుంటున్నాడు. మెడలో మిషను టీ గ్లాసుకు తగులుతుంటే దాన్ని వీపు వెనక్కి తిప్పుకున్నాడు, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి తిప్పుకున్నట్టు. వెంకటేశ్వరరావు మీద ఎప్పుడో ఎవరో ఫిర్యాదు రాశారు. డిపోలో విచారణ పెట్టారు, ఊరు ఊరంతా పోయి సాక్ష్యం చెప్పింది, తిరిగి వచ్చాడు. ఇక్కడ సాక్ష్యానికి కూడా చోటు లేదు. ఒకటి నొక్కితే మనిషి పోతాడు.

"ఏ దొంగతనం?" అన్నాను.

"మీ క్యారేజీ సర్. పొద్దున ఇదే నంబర్ నుంచి..."

"నాకు క్యారేజి లేదు. ఒక్కణ్ణి. నాకెందుకు క్యారేజి?" ఒళ్లో ఉన్నది పల్లీలతో గలగలమంది, చేత్తో అదిమి పట్టుకున్నాను.

"అయితే వెనక్కి తీసుకుంటున్నారా సర్? కారణం పెట్టాలి. దొరికిందనా, పొరపాటనా?"

"పొరపాటు కాదు. నేను పొరపాటు చెయ్య. కారణం చెప్ప. కొట్టెయ్."

కాసేపు ఏదో టకటక కొట్టింది. "సరే సర్, మూసేశాను. మా సేవకు ఐదులో ఎన్ని మార్కులు ఇస్తారు సర్?"

"సున్న" అన్నాను. "గది మాత్రం కొట్టెయ్యకు."

ఆ పిల్ల నవ్వింది. అంతసేపు మాట్లాడింది గాని నవ్వింది మాత్రం అప్పుడే. బిచ్యా ఏమీ తెలియక నా నవ్వు కోసం ఎదురుచూసినట్టు చూశాడు. నేను నవ్వలేదు. అతను గ్లాసు కింద పెట్టి, "రేపు వంతు ఎవలింటిది తాతా?" అన్నాడు. హైమ నన్ను చూస్తోంది. బస్సు ఎక్కనని అన్నమాట మీదే ఉన్నాను, ఉంటాను. కిరాయికిచ్చినవాళ్లనూ, పెళ్లికి తిప్పిన ఓనరునూ, టీ బాగుందన్న జీపాయననూ ఒక్కరిని కూడా వదలను. మడుగులో ఇంకో కొర్రమట్ట ఉందని మొన్ననే చూశాను. "పొద్దుగాల కడ్డీకి చూసుకో" అన్నాను, "రెండు క్యారేజీలుంటయి. పేరున్నది ఖమ్మంల నా బిడ్డకియ్యాలె, పేరు లేనిది నీది. మారిందో, ఊకోను." పులుపు తగ్గించమని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. బుద్ధిమంతుడు.

ఇంటికి బయలుదేరాను. అడుగడుక్కీ గిన్నెలు మోగుతున్నాయి. ఉదయశ్రీ ఫోను చేస్తుంది, దొరికిందా అంటుంది, దొరికిందంటాను, ఎట్లా అంటుంది, పెట్టేస్తాను. హైమ ఊరంతా చెబుతుంది, చెప్పనీ. క్యారేజీ పోలేదు. పోయిందని ఎవరన్నారో నాకు తెలియదు. ఇదొక్కసారి చెప్పాను, చెప్పవలసింది ఇంతే. ఇక మీదట ఆ సంగతి నా ముందు ఎవరూ ఎత్తకండి. ఎత్తినా నేను పలకను.